మొన లేని బాణం

భద్రాచలం ఏజెన్సీలో విల్లు వాడకం తెలిసిన కోయ పెద్ద ఎవరైనా అమ్ముల కట్ట విప్పితే, అందులో ఒకటో రెండో బాణాలు సగంలో వదిలేసినట్టు కనిపిస్తాయి. కొసన ఇనుము ఉండదు, పదును ఉండదు. బొటనవేలంత లావున గుండ్రంగా చెక్కిన కర్రమొద్దు ఉంటుంది, అంతే. కొత్తవాళ్లు దాన్ని పిల్లల ఆటవస్తువు అనుకుంటారు. కట్టలో అన్నిటికంటే ఎక్కువ ఆలోచించి చేసిన బాణం అదే.

కొమ్మ మీది పిట్టకు పదునైన ములికి పనికిరాదు. గురి తప్పితే పోయి మానులో దిగబడుతుంది. గురి తగిలితే పిట్టతో సహా కొమ్మల్లో చిక్కుకుంటుంది. మొద్దు బాణం అలా కాదు. కొట్టి సొమ్మసిల్లజేస్తుంది, తానూ కింద పడుతుంది. ఒక బాణం చేయాలంటే నిటారుగా పెరిగిన సన్నటి పుల్ల ఏరాలి, నీడలో ఆరబెట్టాలి, నిప్పు సెగ మీద వంకర తీయాలి, వెనక ఈకలు పెట్టి నారతో బిగించాలి. ఇంత పని చేయించుకున్న వస్తువును ఒక్క గువ్వ కోసం పోగొట్టుకునేవాడు అడవిలో నెగ్గుకు రాలేడు.

మిగతా బాణాలకు కమ్మరి కొలిమిలో కాగిన ఇనుము ఉంటుంది. ఆకు ఆకారంలో వెడల్పుగా సాగదీసిన ములికి పెద్ద జంతువుకు. వెనక్కి తిరిగిన ముల్లున్నది చేపకు, ఎందుకంటే నీళ్లలో తగిలినది జారిపోకూడదు. విల్లు వెదురుది. గోదావరి గట్టు నుంచి బస్తరు దాకా చాలా చోట్ల దాని నారి కూడా వెదురే, పై బెరడు దగ్గర బద్దను పలచగా చీల్చి కట్టినది. వానకు నానినా పేగుతాడులా సాగిపోదు. శబరి, కిన్నెరసాని పరివాహకాల్లో ఏడాదిలో నాలుగు నెలలు తడిసే ఉండే నేలకు తగిన ఏర్పాటు ఇది.

ఈ విద్యంతా వేట కోసమే అనుకుంటే సగమే చూసినట్టు. ఖమ్మం మైదానం ముగిసి అడవి మొదలయ్యే అంచున, పాల్వంచ, అశ్వాపురం, దుమ్ముగూడెం, చర్ల వైపు, విల్లూ వడిసెలా ఎక్కువగా పనిచేసింది కాపలాకి. పోడు చేనులో జొన్న పాలు పోసుకునే వేళకు పగలు చిలకలు దిగుతాయి, రాత్రి పందులు వస్తాయి. ఇప్ప పూలు రాలే కాలంలో తెల్లవారకముందే వెళ్లే ఆడవాళ్లకు ఎలుగుబంటి ఎదురవుతుంది. ఇంటి చుట్టూ గోడ లేని, గోడ ఉన్నా వెదురు తడిక మీద మట్టి మెత్తిన గోడే అయిన చోట, చేనునూ ఇంటినీ కాయడమంటే దేని మీదికి దేన్ని విసరాలో తెలియడమే.

చిలకకు కావలసింది భయం, చావు కాదు. గుంపులో ఒకదాన్ని చంపితే మిగతావి పక్క చేనుకు పోయి మళ్లీ వస్తాయి. గుంపు మొత్తాన్నీ లేపగలిగితే ఆ పూట గడుస్తుంది. అందుకు వడిసెలను మించినది లేదు. నారతో అల్లిన రెండు తాళ్లు, మధ్యలో రాయి పట్టే చిక్కం. ఒక తాడు కొసన ఉచ్చులో వేలు దూరుస్తారు, రెండో తాడు కొసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి పడతారు. తల మీదుగా ఒకటి రెండు చుట్లు తిప్పి, నొక్కి పట్టిన కొసను వదిలేస్తారు. చుట్లు పెరిగితే వేగం పెరుగుతుందనుకోవడం పొరపాటు. ఆఖరి అరచుట్టులో మణికట్టు ఇచ్చే విసురులోనే బలమంతా ఉంది. తిప్పిన కొద్దీ గురి చెదురుతుంది.

రాయి ఎంచుకోవడంలోనూ లెక్క ఉంది. వాగులో ఏరిన గులకరాళ్లు నున్నగా, కోడిగుడ్డు కన్నా చిన్నగా, అన్నీ దాదాపు ఒకే బరువులో ఉండాలి. బరువు మారితే చెయ్యి నేర్చుకున్న అంచనా తప్పుతుంది. రాళ్లు దొరకని చోట బంకమట్టి ఉండలు చేసి ఎండబెడతారు. కాల్చని మట్టి ఉండ నేలకు తగిలి పగిలిపోతుంది, చేనులో రాళ్లు పేరుకోవు, రేపు అరక దున్నేటప్పుడు కర్రుకు అడ్డం రాదు. ఆ ఉండలనే ఉండేలుతో కొట్టే పద్ధతీ ఉంది. దీనికి రెండు నారులు, వాటి మధ్య ఉండ పెట్టేందుకు చిన్న పట్టీ, మిగతాదంతా విల్లే. ఉండ విల్లుబద్దకు గానీ, పట్టిన చేతి బొటనవేలికి గానీ తగలకుండా వదిలే క్షణంలో మణికట్టు కాస్త పక్కకు తిప్పాలి. కొత్తగా నేర్చేవాళ్ల బొటనవేలు వాచి ఉండటం మామూలే.

వడిసెల విద్య ఒక్క మన్యం సొత్తు కాదు. మొహెంజొదారో తవ్వకాల్లో విసరడానికి చేసిన మట్టి ఉండలు దొరికాయి. సిరియాలోని హమూకార్‌లో సుమారు 5,500 ఏళ్ల నాటివి బయటపడ్డాయి. మధ్యధరా సముద్రంలోని బాలియారిక్ దీవుల వాళ్లు దగ్గరకొకటి, దూరానికొకటి, నడిమికొకటి చొప్పున మూడేసి వడిసెలలు వెంట ఉంచుకునేవారని గ్రీకు రచయితలు రాశారు. రోమన్లు సీసంతో ఉండలు పోతపోసి వాటి మీద శత్రువును వెక్కిరించే మాటలు కూడా చెక్కారు. మన చేలల్లో అంత ఆర్భాటం అవసరం పడలేదు. చిలకలు చదవవు కదా.

రాత్రి కాపలా వేరు. నాలుగు గుంజల మీద, కంకి ఎత్తును దాటి కనబడేలా మంచె కడతారు. పైన తాటాకు, కింద నెగడు. చీకట్లో బాణం వేయడం మంచె మీదివాళ్లకు నచ్చని పని. పంది చర్మం దళసరి, మెడ దగ్గర కొవ్వు మందం. చోటు తప్పి తగిలిన బాణం దాన్ని చంపదు, రెచ్చగొడుతుంది. గాయపడ్డ పంది అదే దారిన తెల్లవారి కట్టెలకు వచ్చిన మనిషి మీద పడుతుంది. అందుకే రాత్రి అస్త్రాలు డప్పు, రేకు డబ్బా, కేక, కొరివి. ఒక మంచె మీద కేక వేస్తే పక్క మంచె అందుకుంటుంది, అక్కడి నుంచి ఇంకోటి. పంది ఏ చేను వదిలి ఏ చేను వైపు మళ్లిందో ఆ కేకల వరసే చెబుతుంది. ఎలుగుబంటికైతే దూరం నుంచే చప్పుడు చేసుకుంటూ నడవడమే మందు, ఉలిక్కిపడ్డ ఎలుగే మీదికి వస్తుంది.

తుపాకి వచ్చాక ఈ లెక్కలు కొన్ని మారాయి, కొన్ని మారలేదు. గొట్టం మూతి నుంచి మందు పోసి, పీచు కుక్కి, సీసపు రవ్వలు వేసి, కడ్డీతో దట్టించే నాటు తుపాకి అడవి అంచు పల్లెలకు కొత్త కాదు. 1959 ఆయుధాల చట్టంలోని 13వ సెక్షన్ అలాంటి తుపాకిని పేరుపెట్టి గుర్తించింది. నిజంగా పంట కాపలాకే అయితే మూతి నుంచి మందు దట్టించే తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చు, అది చాలదని అధికారికి తోస్తే వేరే నున్నటి గొట్టం తుపాకికి ఇవ్వవచ్చు. కర్ణాటకలోని కొడగులో కొడవలకు లైసెన్సు మినహాయింపే ఉంది. మన మన్యానికి అలాంటిది లేదు, లైసెన్సు లేని నాటు తుపాకి నేరమే.

మంచె మీద మందు దట్టించి రవ్వలు వేయకుండా కాల్చడం ఒక పద్ధతి. చప్పుడొక్కటే వెళుతుంది. దాని వెనకున్న ఆలోచన మొద్దు బాణం వెనకున్నదే.

పట్నాల్లో, ఒంటరి తోట బంగళాల్లో ఆత్మరక్షణకు లైసెన్సు తీసుకునేవాళ్లు అడిగేవాటిలో ఒకటి 12 బోరు తుపాకి. ఒక పౌండు సీసాన్ని పన్నెండు సమానమైన గుండ్లుగా పోస్తే అందులో ఒక గుండు పట్టేంత గొట్టం అని ఆ అంకెకు అర్థం. తూటాల్లో రవ్వల సైజు మారుతుంది. ఎల్‌జీ, ఎస్‌జీ అన్నవి కొద్ది సంఖ్యలో పెద్ద గుండ్లు, నాలుగో నంబరు, ఆరో నంబరు అన్నవి పిట్టలకు వాడే సన్న రవ్వలు, నంబరు పెరిగేకొద్దీ రవ్వ చిన్నదవుతుంది. అమెరికాలో ఇంటి కాపలాకు ఏ తూటా మంచిదన్న వాదన ఏళ్ల తరబడి సాగుతోంది. అందులో దొంగ కంటే ముందు వచ్చే ప్రశ్న గోడ. అక్కడి ఇళ్ల లోపలి గోడలు జిప్సం పలకలవి. దొంగకు గురిపెట్టిన పెద్ద గుండు ఆ పలకలు దాటి పక్క గదిలో పడుకున్న పిల్లల దాకా వెళ్లగలదు. సన్న రవ్వ అంత దూరం పోదు, కానీ దొంగను ఆపుతుందన్న నమ్మకం లేదు. తేలని తగవు ఇది. తడిక గోడల గూడెంలో అయితే తగవే లేదు. అక్కడ ఏ తుపాకి పేలినా అవతల ఎవరింట్లోనో తేలుతుంది.

చట్టం కూడా ఇదే కొలత అడుగుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ఆత్మరక్షణ హక్కును 34 నుంచి 44 దాకా సెక్షన్లలో చెబుతూ, కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతకు మించి హాని చేయరాదని 37లో గీత గీసింది. పాత శిక్షాస్మృతిలో 99వ సెక్షన్ అన్నదీ అదే. మంచె మీది ముసలివాళ్లకు సెక్షన్ నంబరు తెలియకపోవచ్చు, చిలకకు మట్టి ఉండ, పందికి డప్పు అన్న ఎంపికలో ఆ గీత ఉంది.

తుపాకికి ఉన్న అసలు బలహీనత ఏమిటో ఈ అడవి వందేళ్ల కిందటే చూసింది. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి ఠాణాలను వరసగా ముట్టడించి 26 తుపాకులు, 2,500కు పైగా తూటాలు పట్టుకుపోయింది. ఆ తర్వాత సర్కారు జాగ్రత్తపడి ఠాణాల్లోని ఆయుధాలను ముందే తరలించసాగింది. తూటా ఎక్కడో ఫ్యాక్టరీలో తయారయ్యేది, అయిపోతే మన్యంలో పుట్టదు. బాణం మాత్రం వెదురు పొదలో, కమ్మరి కొలిమిలో పుడుతూనే ఉంటుంది. అంతకుముందు 1879లో రంప పితూరీ రేకపల్లె వైపు, అంటే అప్పటి భద్రాచలం తాలూకా దాకా పాకినప్పుడు కూడా కొండవాళ్ల చేతుల్లో విల్లు ఉంది. ఆ తిరుగుబాటుకు కారణాల్లో పోడు మీద పెంచిన పన్ను ఒకటి. చేను కాచుకునే ఆయుధం చేను కోసమే పైకి లేచింది.

ఇప్పుడు వేట లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక అడవి పందిని సైతం అనుమతి లేకుండా చంపడం నేరం. మనుషుల ప్రాణానికో, నిలిచి ఉన్న పంటతో సహా ఆస్తికో ముప్పు తెచ్చే కొన్ని జంతువుల విషయంలో అధికారి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చని 11వ సెక్షన్ అంటుంది. ప్రాణం కాపాడుకునేందుకు సదుద్దేశంతో చేసిన పని నేరం కాదని కూడా అదే సెక్షన్ చెబుతుంది. వేసవి చివర కోయగూడేల్లో భూమి పండుగకు మగవాళ్లు విల్లంబులతో అడవికి వెళ్లడం, ఉత్తచేతులతో వస్తే ఆడవాళ్లు ఎగతాళి పట్టించడం ఆనవాయితీ. అది ఇవాళ చాలావరకు ఆచారంగానే మిగిలింది. మొద్దు బాణం చెక్కగల చేతులు తగ్గుతున్నాయి. చిన్నవాళ్లకు ఉండేలంటే సైకిల్ ట్యూబు రబ్బరు కట్టిన పంగలకర్రే.

విద్య పోయిన చోటికి వచ్చినది ఏమిటంటే కరెంటు తీగ. పందుల కోసం చేను చుట్టూ జానెడు ఎత్తున జీఐ తీగ లాగి, పక్క స్తంభం నుంచి దొంగ కరెంటు తగిలిస్తారు. కొందరు తిండి ముద్దలో నాటుబాంబు పెడతారు. విల్లు, వడిసెల, నాటు తుపాకి, అన్నిటి వెనకా ఒక కన్ను ఉండేది. ఎదుట ఉన్నది ఏమిటో చూసి, ఏది వదలాలో ఎంచుకుని, అవసరమైతే వదలకుండా ఆగే మనిషి ఉండేవాడు. తీగకు ఆ కన్ను లేదు. పందికీ, దుప్పికీ, తప్పిపోయిన ఎద్దుకూ, తెల్లారి నీళ్లు పెట్టడానికి వచ్చిన రైతుకూ అది ఒక్కటే. అడవి అంచు జిల్లాల్లో ఇలా ప్రాణాలు పోయిన వార్తలు పంటకాలంలో పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. సంప్రదాయాన్ని అనాగరికమని, తీగను ఆధునికమని పిలిచే అలవాటు మానుకోవాలి, నిజం తలకిందులుగా ఉంది.

మంచె మీద రాత్రంతా కూర్చోమని నేటి యువకుడికి చెప్పడం తేలిక కాదు, పగలు కూలికి పోవాలి. కానీ దారులున్నాయి. సౌర కంచెలో కరెంటు క్షణంలో చిన్న భాగం పాటు తట్టి వదిలేస్తుంది, జంతువు బెదిరి వెనక్కి తిరుగుతుంది, చావదు. మొద్దు బాణం చేసిన పనే అది. పంట నష్టానికి పరిహారం కోరుతూ అటవీ శాఖకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. భద్రాచలం ఐటీడీఏ (సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ) తన ఆశ్రమ పాఠశాలల్లో విలువిద్య నేర్పేటప్పుడు ఫైబర్ విల్లుతో పాటు గూడెం పెద్దలను పిలిచి వెదురు విల్లు, వడిసెల కూడా చేయించాలి. ఏ ములికి దేనికో వాళ్ల మాటల్లోనే రాయించి పెట్టాలి. ఇక రైతులకు ఒక్క మాట: ఈ పంటకు చేను చుట్టూ తీగ లాగి ఉంటే, ఇవాళ పొద్దుండగానే విప్పేయండి.