సెలవుల నోటుకు ఎర్రసిరా వద్దు

జూన్‌లో బడి తెరవగానే తెలుగు మాస్టర్లం చాలామందిమి రాయించే మొదటి వ్యాసం ‘నేను సెలవులు గడిపిన విధం’. కాసేపట్లో తరగతి తరగతంతా ఒకే వ్యాసం రాసి ఇచ్చేస్తుంది. బంధువుల ఊరికి వెళ్ళాను, గుడికి వెళ్ళాను, మిత్రులతో ఆడుకున్నాను, ఎంతో సంతోషంగా గడిపాను. ఎవరి నోటు మీద ఎవరి పేరు పెట్టినా తేడా తెలియదు. చెప్పడానికి ఏమీ లేక పిల్లలు ఇలా రాయరు. ఏం రాస్తే మార్కులు పడతాయో తెలిసే రాస్తారు.

హోసూరు, కృష్ణగిరి వైపు తెలుగు పిల్లలకు దీనివల్ల జరిగే నష్టం ఇంకా ఎక్కువ. రాష్ట్రాల పునర్విభజన తర్వాత కూడా ఈ నేల మద్రాసు రాష్ట్రంలోనే, అంటే నేటి తమిళనాడులోనే ఉండిపోయింది. 2004లో ధర్మపురి నుంచి విడివడి కృష్ణగిరి జిల్లా అయింది. 2006లో వచ్చిన చట్టంతో ఒకటో తరగతి నుంచి దశలవారీగా తమిళం తప్పనిసరి పాఠమైంది. మా పిల్లలు తమిళం నేర్చుకుంటున్నారు, బాగా నేర్చుకోవాలి కూడా. రేపటి చదువూ ఉద్యోగమూ దానితోనే. అయితే బడి రోజుల్లో తెలుగుకు దొరికే చోటు తగ్గేకొద్దీ, పిల్లల చెవిన తెలుగు తెరిపి లేకుండా పడేది సెలవుల్లోనే. అవ్వ పక్కన పడుకున్నప్పుడు, తాత వెంట పొలానికి పోయినప్పుడు, జాతరలో మేనమామ భుజమెక్కినప్పుడు. అందుకే ఇక్కడ సెలవుల సంగతులు రాయించడాన్ని నేను కాలక్షేపం పనిగా చూడలేను. ఏడాది మొత్తంలో నేను చెప్పే తెలుగు పాఠాలకు అదే పునాది.

చేసే పద్ధతి కష్టమేమీ కాదు. ఏప్రిల్‌లో ఆఖరి పరీక్ష అయిన రోజు తలా ఒక నోటుపుస్తకం ఇస్తాను. ఒకవైపు గీతలు, ఒకవైపు తెల్లకాగితం ఉండేది. గీతల వైపు రాత, తెల్ల వైపు బొమ్మ. ‘సెలవులు ఎలా గడిపావు’ అని అడగను. చిన్న చిన్న ప్రశ్నలు రాసి ఇస్తాను. ఇంట్లో అందరికంటే ముందు లేచేది ఎవరు, లేవగానే ఏం చేస్తారు? నీ చేత్తో నువ్వు చేసిన పని ఏది? దాన్ని మొదటి నుంచి చివరి దాకా చెప్పు. కొత్తగా విన్న తిట్టో సామెతో ఉంటే ఎవరి నోట విన్నావు? ఇంకా రాయడం రాని చిన్నపిల్లలు బొమ్మ వేసుకొస్తే చాలు. వాళ్ళు చెబుతుంటే పెద్దతరగతి పిల్లలు మాట మార్చకుండా రాసిపెడతారు.

ప్రశ్న చిన్నదైతే జవాబు పెద్దదవుతుంది. కృష్ణగిరి మామిడికి పేరుపడ్డ జిల్లా. తోతాపురి కాయలు లారీలకు లారీలు గుజ్జు ఫ్యాక్టరీలకు పోతాయి. ఎండాకాలం సెలవులు, మామిడి కోతలు ఒకేసారి వస్తాయి. ఓ పిల్లవాడు కాయ కోయడం గురించి రెండు పేజీలు నింపుకొచ్చాడు. కాయను తొడిమతో సహా కోయాలట. తొడిమ మొదలంటా విరిగితే సొన చిమ్మి చెంప కాలుతుందట. తర్వాత తొడిమ తుంచి, కాయను తలకిందులు చేసి సొన కారనివ్వాలట. లేకపోతే తొక్కమీద నల్లమచ్చ పడి ధర తగ్గుతుందట. తెల్లకాగితం వైపు చిక్కం బొమ్మ వేశాడు. వల ఎంత లోతు, గడ ఎంత పొడవు అన్నీ కొలతలతో సహా. పనిని వరుస తప్పకుండా చెప్పడం వ్యాకరణం పుస్తకంలో దొరికే విద్య కాదు.

అరయాండు (అర్ధ సంవత్సర) పరీక్షల తర్వాత, డిసెంబరు చివర్లో దొరికే సెలవుల్లో సంగతులు వేరు. అది రాగి కోతల కాలం. తళి, డెంకణికోట అడవుల అంచు ఊళ్ళలో చలికాలం ఏనుగుల మందలు చేలమీద పడతాయి. నాన్న రాత్రంతా కాపలాకు పోతే ఇంట్లో అమ్మ ఎలా మేలుకొని ఉంటుందో, దూరాన టపాకాయ పేలితే కుక్కలు ఎటు తిరిగి మొరుగుతాయో ఆ ఊళ్ళ పిల్లలే రాయగలరు.

ఏ ఊరికీ పోని పిల్లలు ఉంటారు. తమ్ముణ్ణి చూసుకుంటూనో, గులాబీతోటలో అమ్మకు సాయపడుతూనో సెలవులన్నీ గడిపేస్తారు. ‘ఎక్కడికి వెళ్ళావు’ అన్న ప్రశ్న వాళ్ళను తలవంచుకునేలా చేస్తుంది. ‘నువ్వు చేసిన పని చెప్పు’ అంటే అందరికంటే ముందు చెయ్యెత్తేది వాళ్ళే.

ఇక ఎర్రసిరా సంగతి. మా పిల్లలు ‘పోతిమి, తింటిమి, చూస్తిమి’ అని రాస్తారు. బస్సు కండక్టరు మాట తమిళంలో, సంతలో బేరం కన్నడంలో ఎలా విన్నారో అలాగే దించుతారు. ఆ నోటులో నేను ఒక్క అక్షరం దిద్దను. పరీక్షకు కావలసిన పుస్తకాల భాషలోకి అదే సంగతిని వేరే నోటులో మళ్ళీ రాయిస్తాను. అప్పుడు వాళ్ళకు రెండూ వస్తాయి. మొదటి రోజే ఇంటి మాటను కొట్టేస్తే, మాటతోపాటు అది చెప్పిన అవ్వకూడా తప్పే అనుకుంటాడు పిల్లవాడు. ఈ సీమ మాటలోనే పెద్దలు కథలు రాసి ‘మొరసునాడు కథలు’ పేరిట పుస్తకం తెచ్చారు. పెద్దలకు చెల్లింది పిల్లలకు చెల్లదా?

ఇది నేను కనిపెట్టిన దారి కాదు. ఫ్రాన్సులో సెలెస్తాఁ ఫ్రెనే అనే పల్లెటూరి మాస్టరుకు మొదటి ప్రపంచ యుద్ధంలో ఊపిరితిత్తి దెబ్బతిన్నది. గంటలకొద్దీ పాఠం చెప్పలేక పిల్లలను ఊళ్ళోకి తిప్పుకొచ్చి, చూసింది రాయించాడు. 1924లో తరగతి గదిలోకే చిన్న అచ్చుయంత్రం తెచ్చి పిల్లల చేతే అచ్చు వేయించాడు. ఆ కాగితాలు దూరాన బ్రిటనీలోని మరో బడికి వెళ్ళేవి, అక్కడి పిల్లల రాతలు ఇటు వచ్చేవి. మన దగ్గర అనంతపురం వైపు నుంచి 2008లో మొదలైన ‘కొత్తపల్లి’ పత్రిక పిల్లల కథలను, బొమ్మలను అచ్చు వేసింది.

తోటి మాస్టర్లకు నా మనవి ఇదే. హోసూరు బడి ఒకటి, సరిహద్దు అవతల కుప్పం బడి ఒకటి జత కట్టాలి. రెండు చోట్లా మామిడే, రాగిముద్దే, ఇంచుమించు ఒకే మాట. నోట్లు అటూ ఇటూ మారితే, తమ తెలుగు చదివే తోటి పిల్లలు ఇంకో రాష్ట్రంలో ఉన్నారని ఇద్దరికీ తెలుస్తుంది. పోస్టు ఖర్చు తప్ప వేరే ఖర్చు లేదు. బడి తెరిచిన మొదటి వారం పుస్తకం ముట్టకుండా ఒక్కొక్కరినీ లేపి తమ నోటు తామే పైకి చదవనివ్వాలి. సిలబస్ ఒక వారం వెనకబడితే జూలైలో అందుకోగలం. ఆ వారం మాత్రం పిల్లలకే ఇద్దాం.