వితంతువు నివాస హక్కు: వలస చట్టాలపై ఒక విమర్శ

భర్త మరణించిన స్త్రీ ఆ పిదప ఎక్కడ నివసించాలనే ప్రశ్నను ఫిఖహ్ గ్రంథాలు ఇద్దత్ ప్రకరణంలో విపులంగా చర్చించాయి. అదే ప్రశ్న నేటి రాజ్యాల వలస అధికారుల బల్ల ముందుకు వచ్చినప్పుడు ఏ సమాధానం లభిస్తున్నదో పరిశీలించడం అవసరం. మన గోదావరి డెల్టా పాఠకులకు ఇది దూరపు విషయం కాదు. అమలాపురం, రాజోలు, నరసాపురం ప్రాంతాల నుంచి గల్ఫ్ ఇళ్ళలో పనికి వెళ్ళిన స్త్రీలు ఎందరో ఉన్నారు. కాకినాడలోనో భీమవరంలోనో ఇంజనీరింగ్ చదివి అమెరికా వెళ్ళినవారు, వారి వెంట వెళ్ళిన భార్యలు కూడా తక్కువేమీ కాదు.

2017 ఫిబ్రవరి 22న అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం ఒలేత పట్టణంలో తెలుగు ఇంజనీరు కూచిభొట్ల శ్రీనివాస్‌ను ఒక జాతి విద్వేషి కాల్చి చంపాడు. ఫిబ్రవరి 28న హైదరాబాదులో అంత్యక్రియలు జరిగాయి. ఆయన భార్య సునయన దుమాల భర్త వీసాపై ఆధారపడి అక్కడ నివసిస్తున్నారు. భర్తతోపాటు ఆ దేశంలో నివసించే అర్హతనూ కోల్పోయానని ఆమే తరువాత వెల్లడించారు. అంత్యక్రియలకు స్వదేశం వస్తే తిరిగి తన ఇంటికి, తన ఉద్యోగానికి వెళ్ళగలనన్న హామీ లేదు. కాంగ్రెస్ సభ్యుడు కెవిన్ యోడర్ వంటివారు పూనుకున్నందువల్ల తాత్కాలిక అనుమతి లభించింది. 2018 జనవరిలో అధ్యక్షుని ప్రసంగానికి ఆమె యోడర్ అతిథిగా హాజరయ్యారు కూడా.

యోడర్ చేసినది మంచి పనే. అయితే ప్రపంచ పత్రికలన్నీ రాసిన మరణానికి దొరికిన దయ, ఏదో ఊళ్ళో రోడ్డు ప్రమాదంలోనో గుండెపోటుతోనో పోయినవాని భార్యకు ఎవరిస్తారు? ఆ చట్టం దృష్టిలో ఆమె ఒక మనిషి నీడ. మనిషి పోతే నీడకు లెక్క లేదు. ఉద్యోగం పోయిన విదేశీయునికి 60 రోజుల వరకు గడువిచ్చే నిబంధన 2017 జనవరిలోనే అమలులోకి వచ్చింది. అది చెప్పేది ఉద్యోగం ముగియడం గురించి. మరణం అన్న మాట అందులో లేదు.

అమెరికా పౌరుని పెళ్ళాడిన విదేశీ స్త్రీ సైతం, రెండేళ్ళు నిండకముందే భర్త మరణిస్తే, దరఖాస్తు పరిశీలనలో ఉండగానే అర్హత కోల్పోయేది. దక్షిణాఫ్రికా స్త్రీ కార్లా ఫ్రీమన్ దీనిపై న్యాయస్థానానికి వెళ్ళింది. మరణం వల్ల ఆమె భార్య కాకుండా పోలేదని 2006లో అప్పీలు కోర్టు తీర్పు చెప్పింది. (హజ్రత్ అబూబకర్ భౌతికకాయానికి స్నానం చేయించినది ఆయన భార్య అస్మా బిన్తె ఉమైసే అన్న సంగతి ఇక్కడ స్ఫురించక మానదు.) 2009 అక్టోబరులో కాంగ్రెస్ చట్టాన్ని సవరించింది. ఉద్యోగుల కుటుంబాలకూ కొంత రక్షణ కల్పించింది. కాని భర్త మరణించేనాటికి ఆమె ఆ దేశంలో నివసిస్తూ ఉండాలి, ఆ తరువాతా అక్కడే నివాసం కొనసాగించాలి. శవపేటిక వెంట స్వదేశం వచ్చిన స్త్రీ, తన నివాసం ఇంకా అక్కడే ఉన్నదని రుజువు చేసుకోవాలి. అందుకు మళ్ళీ వీసా కావాలి. ఆ వీసా భర్తతోనే ముగిసింది!

ఫురైఆ బిన్తె మాలిక్ ఉదంతం దీనికి పక్కన పెట్టి చూడదగ్గది. పారిపోయిన బానిసలను వెదుకుతూ వెళ్ళిన ఆమె భర్తను వారు చంపివేశారు. భర్త తనకు సొంత ఇల్లుగాని భృతిగాని విడిచిపోలేదని, పుట్టింటికి వెళ్తానని ఆమె దైవప్రవక్తను కోరింది. ఆయన మొదట సరేనని, ఆమె వెళ్ళబోతుండగా వెనక్కు పిలిపించి, గడువు తీరేవరకు ఆ ఇంట్లోనే ఉండమన్నారు. అంటే నాలుగు నెలల పది రోజులు. ఇల్లు భర్తది కాకపోయినా ఆమె నివాసం చెదరలేదు. తరువాత హజ్రత్ ఉస్మాన్ ఈ ఉదంతాన్ని ఆధారం చేసుకునే తీర్పు ఇచ్చారు. ఇక బఖరా సూరా 240వ ఆయతు వితంతువును ఇంటినుంచి వెళ్ళగొట్టకుండా ఏడాది పోషణ కోరుతుంది. అది 234వ ఆయతుతో రద్దయిందని అధిక సంఖ్యాక పండితుల అభిప్రాయం. రెండూ అమలులోనివేనని ముజాహిద్ వాదించారు.

ఈ వారసత్వాన్ని చాటుకునే గల్ఫ్ రాజ్యాలను మాత్రం విమర్శ నుంచి మినహాయించడం న్యాయం కాదు. అక్కడ భార్య నివాసం భర్త కఫాలత్‌కు కట్టుబడి ఉంటూ వచ్చింది. వితంతువుకు స్పాన్సరు లేకుండానే ఏడాది గడువిచ్చే నిబంధనను ఐక్య అరబ్ ఎమిరేట్స్ తెచ్చినది 2018 అక్టోబరులో. ముజాహిద్ వాదానికి అంతవరకు ఆగవలసి వచ్చింది!

కువైట్‌లో వంటపని చేసే కోనసీమ స్త్రీ పరిస్థితి ఇందుకు తలకిందులు. భర్త ఇక్కడ ఊళ్ళో మరణిస్తాడు. ఆమె ఉండనివ్వమని కాదు, వెళ్ళనివ్వమని అడగాలి. పాస్‌పోర్టు యజమాని బీరువాలో ఉంటే, విమానాశ్రయంలోని అధికారి వరకు ఆమె చేరనే చేరదు.