మొన కన్నా అడుగు

బుల్లెట్ చేతికి రాగానే చూపు మొన మీదికే పోతుంది. అది సన్నగా, నున్నగా ఉంటే మంచి సరుకే అనుకుంటాం. మసాచుసెట్స్‌కు చెందిన వైద్యుడు ఫ్రాంక్లిన్ మాన్ ఈ నమ్మకాన్ని నూరేళ్ల కిందటే పరీక్షకు పెట్టాడు. కాంక్రీటు దిమ్మె మీద బారెల్‌ను కదలకుండా అమర్చి, దారి పొడవునా కాగితపు తెరలు కట్టి, కావాలని చెడగొట్టిన బుల్లెట్లను పేల్చి చూశాడు. మొన దెబ్బతిన్నవి పెద్దగా గురి తప్పలేదు. అడుగు అంచు చెడినవి మాత్రం బాగా పక్కకు పోయాయి. 1909లో ఆ ప్రయోగాలన్నీ పుస్తకంగా తెచ్చాడు. తూటాలు సొంతంగా కట్టుకునే అమెరికన్ షూటర్ల సంప్రదాయానికి పెద్ద దిక్కులాంటి పుస్తకమది.

కారణం సులువే. బుల్లెట్ బారెల్ దాటే క్షణంలో వెనకనున్న వాయువు అంచు చుట్టూ ఒక్కసారే బయటపడాలి. ఒక పక్క ముందుగా జారిందా, బుల్లెట్ తల ఊపుతూ బయల్దేరుతుంది. అందుకే రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చే వంద గజాల బెంచ్‌రెస్ట్ పోటీల్లో చదును అడుగు బుల్లెట్లకే మొగ్గు. వెనక భాగం సన్నబడే రకం దూరపు గురికి మేలు, కానీ దాన్ని లోపం లేకుండా తయారుచెయ్యడం కష్టం.

ఇక 0.224 అంగుళాల వ్యాసమున్న చిన్న బుల్లెట్ల సంగతి. వీటి బరువును గ్రెయిన్లలో చెబుతారు. గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు. బుల్లెట్‌ను 12 అంగుళాల ప్రయాణానికి ఒక చుట్టు తిప్పే బారెల్‌కు 50, 55 గ్రెయిన్లవి సరిపోతాయి. 77 గ్రెయిన్లది కావాలంటే 8 అంగుళాలకో, ఇంకా తక్కువకో చుట్టు తిరగాలి. నిజానికి ఇక్కడ చూడాల్సింది బరువు కాదు, పొడవు. పొడుగు బుల్లెట్‌కు చాలినంత తిప్పుడు అందకపోతే వేగం తగ్గిన బొంగరంలా తూలుతుంది. అలాగని ఎక్కువ తిప్పినా చిక్కే. సెకనుకు 3,200 అడుగుల వేగంతో 12 అంగుళాల చుట్టు బారెల్ దాటిన బుల్లెట్ నిమిషానికి 1,92,000 సార్లు తిరుగుతుంది. పలచటి రాగి తొడుగున్న బుల్లెట్‌ను ఇంకా బిగువైన చుట్టులో పేలిస్తే గాల్లోనే పిగిలిపోవచ్చు. గురి అట్ట మీద చిల్లు ఉండదు, దారిలో బూడిదరంగు చార ఒక్కటే కనిపిస్తుంది.

కొందరు గంటల తరబడి బుల్లెట్లను తూచి వేరుచేస్తారు. నా లెక్కలో అది చాలావరకు మనశ్శాంతికి చేసే పని. అడుగు నుంచి మొన వంపు మొదలయ్యే చోటి దాకా కొలిచి ఏరడం అంతకన్నా ఉపయోగం. తొడుగు ఒక పక్క మందంగా ఉంటే కంటికీ తెలియదు, త్రాసుకూ తెలియదు. దాని గుట్టు అట్ట మీదే బయటపడుతుంది. అయిదు చిల్లుల గుంపులో మరీ ఎడంగా ఉన్న రెండింటి కేంద్రాల మధ్య దూరం కొలుస్తారు. ఒక్క గుంపు బాగా వచ్చిందని జేబులో పెట్టుకు తిరిగేవాళ్లుంటారు. నాలుగైదు గుంపుల సగటు తీస్తేగానీ ఆ బుల్లెట్ సత్తా తెలియదు. దూరంగా పడిన చిల్లును "గాలి తోసేసింది" అని కొట్టేస్తే ఆ సగటుకూ విలువ లేదు.

మన షూటర్లు 50 మీటర్ల పోటీల్లో వాడే .22 రిమ్‌ఫైర్ తూటాను ఇలా ఇంట్లో కట్టుకునే వీల్లేదు. అందుకని అక్కడ పరీక్ష అంతా లాట్ (తయారీ విడత) నంబర్ల మీద జరుగుతుంది. అదే కంపెనీ, అదే డబ్బా, అయినా లాట్ మారితే గుంపు మారుతుంది. తన రైఫిల్‌కు నప్పిన లాట్ దొరికితే షూటర్ వీలైనంత ఎక్కువ కొనిపెట్టుకుంటాడు.