తండ్రి పేరు అడగని సంస్కరణ

చిన్న వయసు గర్భాల మీద జరిగే ఏ సభలోనైనా వేలు ఆడపిల్ల వైపో, ఆమె తల్లి వైపో చూపిస్తది. 'చదువు లేదు, తెలివి లేదు, అందుకే ఇట్లయింది' అంటారు. నిజామాబాద్ జిల్లా చరిత్ర తెలిసిన వాళ్లుగా ఈ వివరణను మేం ఒప్పుకోలేం.

ఈ జిల్లాలో దళిత ఆడపిల్లలను ఎల్లమ్మ, పోచమ్మల పేరున జోగినులుగా విడిచిన్రు. పిల్ల పెద్దమనిషి అయినంక ఆమె మీద హక్కు ఊళ్లో భూమి, పలుకుబడి ఉన్నోడిది. ఆడుకునే వయసులోనే తల్లులైన వాళ్ల పిల్లలకు బడి రిజిస్టర్లో తండ్రి పేరు దొరకలేదు. ఇది తెలివి లేక జరిగింది కాదు. కులం, భూమి కలిసి జరిపించింది.

జాషువా కూతురు హేమలతా లవణం, సంస్కార్ సంస్థ వర్నిలో చెల్లి నిలయం నడిపి జోగినుల మధ్య చేసిన పని చిన్నది కాదు. 1988లో దేవదాసీ నిషేధ చట్టం కూడా వచ్చింది. అయితే ఆ చట్టం నేరమన్నది దేవతకు విడవడాన్ని. విడిచిన తల్లిదండ్రులకే ఎక్కువ శిక్ష రాసింది. పిల్లను వాడుకున్నోడి సంగతేంది? పదహారేళ్లలోపు పిల్ల సరేనన్నా అది అత్యాచారమేనని శిక్షాస్మృతి 375వ సెక్షన్ అప్పటికే చెప్తున్నది. అయినా సంస్కరణ భాషలో 'దురాచారం' వినబడినంతగా 'అత్యాచారం' వినబడలేదు. దురాచారమంటే దోషం దళితవాడది. అత్యాచారమంటే దొర గడప తొక్కాలె.

ఈనాటి ప్రచారానిదీ అదే చూపు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కన తెలంగాణలో 20-24 ఏళ్ల స్త్రీలలో 23.5 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. 2014లో వచ్చిన కల్యాణలక్ష్మి 18 నిండాలన్న షరతు పెట్టడం మంచిదే. కానీ డబ్బు చేతికొచ్చేది పెళ్లికి, చదువుకు కాదు. పిల్ల బతుక్కు గమ్యం పెళ్లేనన్న మాటను సర్కారే ఖాయం చేస్తున్నట్టు కాదా? 1991 నుంచి బాలకార్మికుల మధ్య పనిచేసిన ఎం.వి. ఫౌండేషన్ దారి వేరు. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలేనని అది తేల్చి చెప్పింది.

మెండోరలోనైనా బోధన్ చెరకు ఊళ్లలోనైనా బాలల కమిటీలు ముందు అడగాల్సింది పిల్ల నడత గురించి కాదు. పది పాసయినంక కాలేజీకి బస్సుందా? బీడీ చేట ముందు ఎందుకు కూర్చుంది? గర్భానికి కారకుడెవడు? ఈ మూడోది పిల్లను నలుగుర్ల నిలబెట్టి అడిగేది కాదు, ఆమెకు కాపుదల ఇచ్చి అడిగేది. అది అడగనంత కాలం ఎన్ని సభలు పెట్టినా కాపాడేది పిల్లను కాదు, ఊరి పరువునే.