వాపు చంపే ఆకలి, మాత్ర పెంచే ఆకలి

రుమటాయిడ్ కీళ్లవాతం ముదిరినవారికి పొద్దున లేచాక గంటసేపు వేళ్లు మడవడమే కష్టం. పళ్లెంలో అన్నం కలుపుకోవడం ఒక యాతన. ఎవరైనా కలిపి పెట్టినా సయించదు. నెలలు గడిచేసరికి జాకెట్లు వదులవుతాయి. ‘‘ఇలా తినకపోతే ఎలాగమ్మా?’’ అని ఇంట్లోవాళ్లు కోప్పడతారు.

అది మొండితనం కాదు. వాపు పుట్టినచోట రోగనిరోధక కణాలు టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి రసాయనాలను వదులుతాయి. వాటి కబురు మెదడులోని హైపోథాలమస్‌కు చేరగానే ఆకలి చచ్చిపోతుంది. కండా కరుగుతుంది.

అదే కబురుతో అడ్రినల్ గ్రంథులు కూడా మేల్కొని కార్టిసాల్ వదులుతాయి. ఒత్తిడి హార్మోన్ అంటూ దీన్ని ఆడిపోసుకోవడం అలవాటైంది గానీ, వాపుకు కళ్లెం వేసేది ఇదే. అడ్రినల్ గ్రంథులు తీసేసిన ఎలుకలకు బ్యాక్టీరియా విషం ఎక్కిస్తే మామూలు ఎలుకలకన్నా ఎక్కువగా తిండి మానేసి చిక్కిపోతాయి.

1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ బృందం ఈ కోవకే చెందిన కార్టిజోన్‌ను కదల్లేని స్థితిలో ఉన్న 29 ఏళ్ల రోగికి ఇచ్చింది. కొద్దిరోజుల్లోనే ఆమె లేచి నడిచింది. 1950లో హెంచ్, ఎడ్వర్డ్ కెండాల్, టాడియస్ రైఖ్‌స్టైన్‌లకు నోబెల్ వచ్చింది. పెద్ద మోతాదుల్లో ఎక్కువకాలం వాడితే ముఖం గుండ్రంగా ఉబ్బుతుందన్న సంగతీ ఆ తొలి ఏళ్లలోనే బయటపడింది.

ఇప్పటి ప్రెడ్నిసొలోన్ మాత్రదీ అదే దారి. నొప్పి తగ్గుతుంది, ఆకలి విజృంభిస్తుంది. పెరిగిన బరువులో కొంత రోగం లాక్కున్నదే తిరిగి రావడం. మోతాదు ఎక్కువై, చాలాకాలం సాగితే మాత్రం కొవ్వు పొట్టమీదా మెడ వెనకా పేరుకుంటుంది, చేతులూ తొడలూ సన్నబడతాయి. ఈ తేడా తూకం యంత్రానికి తెలియదు. నడుము చుట్టుకొలత, కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేవగలగడం చూస్తేనే తెలుస్తుంది. రోజుకు 7.5 మిల్లీగ్రాములు దాటని మోతాదుతో రెండేళ్లలో అదనంగా పెరిగే బరువు సగటున ఒక కిలో చిల్లరేనని పరిశోధనలు చెబుతున్నాయి. భయపడాల్సింది మోతాదు గురించి, మందు పేరు గురించి కాదు.

అందుకే ‘‘ఒళ్లు చేశావే’’ అన్న మాటకు నొచ్చుకుని ఎవరూ మాత్ర మానేయవద్దు. వారాల తరబడి వాడితే సొంత అడ్రినల్ గ్రంథులు మందగిస్తాయి. ఒక్కసారిగా ఆపితే నీరసం, వాంతులు, రక్తపోటు పడిపోవడం ప్రాణం మీదికి తెస్తాయి. బరువు సంగతి డాక్టరుకు చెప్పండి, మోతాదును మెల్లగా తగ్గించే దారి అడగండి.