పెట్టె మీద నింద

అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో మినీవ్యాన్‌ది పెద్దపాలేరు హోదా. ఊరి నుంచి అమ్మానాన్నా దిగితే ఎయిర్‌పోర్టుకి అదే, శనివారం గుడికి అదే, పిల్లల్ని సామాన్లతో సహా కాలేజీలో దింపి రావడానికీ అదే. అలాంటిది ఓ పొద్దున ఫ్రీవే ఎక్కబోతుంటే గేరు మారనని మొరాయిస్తుంది. ఇంజన్ గొంతు చించుకుంటుంది గానీ బండి జోరందుకోదు. ఎలాగో షాపు దాకా ఈడ్చుకెళితే, వాళ్లు స్కానర్ తగిలించి చూసి, 'ట్రాన్స్‌మిషన్ కంట్రోల్ మాడ్యూల్ పోయింది, మార్చాలి' అని ఎస్టిమేట్ చేతిలో పెడతారు.

మార్చడం అరగంట పని. దానికి ముందు ఒక పూట పని ఉంది, తర్వాత ఇంకో గంట పని ఉంది. మెకానిక్కుల విద్యంతా ఆ రెండు చోట్లే తెలిసిపోతుంది.

క్రైస్లర్ వారి డాడ్జ్ కారవాన్, ప్లిమత్ వోయేజర్ వ్యాన్లనే తీసుకోండి. 1989 మోడళ్లతో ఆ కంపెనీ ఏ604 అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ తెచ్చింది. అమ్మకానికి పెట్టిన పేరు అల్ట్రాడ్రైవ్. అంతకు ముందు ఆటోమేటిక్ బండ్లలో గేరు ఎప్పుడు మారాలో చాలావరకు ఆయిల్ ప్రెషరే తేల్చేది. ఇందులో ఆ పెత్తనమంతా ఇంజన్ గదిలో బిగించిన ఓ చిన్న పెట్టెకి, అంటే ఆ మాడ్యూల్‌కి, అప్పజెప్పారు. దాని కింద పనిచేసేవి అయిదు క్లచ్చులు, వాటికి ఆయిల్ దారులు తెరిచి మూసే నాలుగు సోలెనాయిడ్లు. దానికి కబుర్లు మోసేవి రెండు సెన్సార్లు. ఒకటి ట్రాన్స్‌మిషన్‌లోకి వచ్చే వేగం చెబుతుంది, రెండోది బయటికి వెళ్లే వేగం చెబుతుంది. పెట్టె ఆ రెండంకెల్నీ అదేపనిగా భాగించి చూసుకుంటూ ఉంటుంది. రెండో గేరులో 1.57 రావాలి, మూడులో సరిగ్గా 1, నాలుగులో 0.69. లెక్క తప్పిందంటే ఎక్కడో క్లచ్చు జారుతోంది, లేదా సెన్సార్ అబద్ధమాడుతోంది. ఏదైనా సరే పెట్టె తెగించదు. రిలే వదిలేసి సోలెనాయిడ్లకి కరెంటు ఆపేస్తుంది. కరెంటు లేనప్పుడు వాటంతటవే రెండో గేరు పట్టుకునేలా లోపలి ఆయిల్ దారుల్ని అమర్చారు. బండి కుంటుకుంటూనైనా ఇల్లు చేరుతుంది. మెకానిక్కులు దీన్ని లింప్ మోడ్ అంటారు. తాళం తీసి మళ్లీ తిప్పితే ఒక్కోసారి అంతా సర్దుకుంటుంది కూడా. షాపు చేరేసరికి బండి ఏమీ ఎరగనట్టు నడుస్తుంటే, మనం చెప్పింది అక్కడ నమ్మేవాడుండడు.

నింద పడేది ఇక్కడే. గేర్లు ఆపేసింది పెట్టె గనక పోయింది పెట్టే అనుకుంటారు. దొంగను చూసి కేక వేసిన కాపలావాణ్ణే పట్టుకు తన్నినట్టు. 1996 మోడళ్ల నుంచి అమెరికాలో కార్లకి, వ్యాన్లకి బండి తన లోపాల్ని కోడ్‌లుగా చెప్పే ఓబీడీ-2 పద్ధతి తప్పనిసరి అయింది. ఆ బండ్లకి చౌకరకం కోడ్ రీడర్ పెడితే ఇలాంటప్పుడు కనిపించేది పీ0700. 'ట్రాన్స్‌మిషన్ దగ్గర ఏదో ఫిర్యాదుంది, వెళ్లి అడగండి' అని దానర్థం, అంతకు మించి ఒక్క ముక్క లేదు. అడగగలిగే స్కానర్ పెడితే అసలు కోడ్ బయటపడుతుంది: పీ0715 అయితే ఇన్‌పుట్ సెన్సార్ సంగతి, పీ0720 అయితే అవుట్‌పుట్ సెన్సార్ సంగతి. కోడ్‌లో సెన్సార్ పేరు వచ్చినా తప్పు సెన్సార్‌దేనని కాదు, దాని తీగది కావచ్చు. పీ0700 ఒక్కటి చూసి మాడ్యూల్ ఆర్డర్ పెట్టేవాళ్లని మెకానిక్కులనడానికి నాకు నోరు రాదు.

మా ఊళ్లో ఒకాయన ఉన్నాడు. బెజవాడ ఆటోనగర్లో లారీల కింద పడుకుని పని నేర్చి, ఇక్కడికొచ్చి కంప్యూటర్ బండ్లు నేర్చుకున్నాడు. మా మిత్రుడి పాత వ్యాన్‌కి ఒక షాపువాళ్లు మాడ్యూల్ రాసిస్తే, ఆ వ్యాన్ తీసుకుని ఆయన దగ్గరికి వెళ్లాం. ఆయన ముందు డిప్‌స్టిక్ లాగి తెల్ల కాగితం మీద తుడిచాడు. రంగు చూశాడు, వాసన చూశాడు. మాడు వాసన వస్తే క్లచ్చులు కాలినట్టే, ఏ పెట్టె మార్చినా దండగ. ఏ ఆయిల్ పోశారో కూడా అడిగాడు. ఏ604కి పోయాల్సింది క్రైస్లర్ చెప్పిన ఏటీఎఫ్+3, తర్వాత వచ్చిన ఏటీఎఫ్+4. ఎర్రగా ఉన్నదల్లా ఒకటే కదా అని డెక్స్‌రాన్ పోసినవాళ్ల బండ్లు వణుకుతూ నడిచిన కథలు ఆయన దగ్గర బోలెడు.

తర్వాత బాటరీ. ఇంజన్ ఆపి కాసేపు ఉంచాక 12.6 వోల్టులు. అక్కడ లోపం లేదు. ఇంజన్ స్టార్ట్ చేసి, మీటరు ఒక కొస బాటరీ నెగటివ్ మీద, ఇంకో కొస మాడ్యూల్ గ్రౌండ్ తీగ మీద పెట్టాడు. అక్కడ 0.1 వోల్టుకి మించి కనపడకూడదు. మీటరు 0.8 చూపించింది. బండి ఆపేసి తీగకి ఓమ్ మీటరు పెడితే మాత్రం అంతా బాగున్నట్టే చెప్పింది. తీగలో ఇరవై పోగులుంటే పంతొమ్మిది తెగినా ఓమ్ మీటరుకి పట్టదు, మిగిలిన ఒక్క పోగుతోనే దాని పని జరిగిపోతుంది. కరెంటు నిజంగా పారేటప్పుడు చూస్తేనే గుట్టు బయటపడేది. ఆయన తీగ వెంబడే వేళ్లు పోనిచ్చి, బాడీకి బిగించిన బోల్టు దగ్గర ఆగాడు. కొస నిండా పచ్చటి చిలుము.

'అయితే మాడ్యూలు పోలేదా బాబాయ్?' అన్నాడు మా మిత్రుడు.

'దాన్నెందుకయ్యా అంటావు, పాపం దానికి కూడే అందట్లేదు' అన్నాడాయన, సాండ్‌పేపర్ కోసం చెయ్యి చాస్తూ.

పెట్టె నిజంగానే పోయే రోజూ ఉంటుంది. ఏళ్ల తరబడి ఇంజన్ వేడికీ చలికాలపు మంచుకీ మధ్య నలిగి, లోపలి సోల్డర్ అతుకులు చిట్లుతాయి. కరెంటు అందుతోంది, గ్రౌండ్ బాగుంది, సెన్సార్ల సిగ్నల్ పిన్ను దాకా వస్తోంది, అయినా సోలెనాయిడ్‌కి ఆజ్ఞ వెళ్లడం లేదంటే అప్పుడు శిక్ష వెయ్యొచ్చు. పార్ట్ నంబరు సరిపోల్చుకోవాలి. బాటరీ నెగటివ్ తీసెయ్యాలి. పెట్టె ముట్టుకునే ముందు బాడీ ఇనుముని ఓసారి తాకి ఒంట్లో స్టాటిక్ వదిలించుకోవాలి. 60 పిన్నుల కనెక్టర్‌ని పట్టుకునే బోల్టు మధ్యలో ఉంటుంది, దాన్ని బలం చూపించి బిగించకూడదు. ఇంతే పని.

చాలామంది ఇక్కడితో చేతులు దులుపుకుంటారు. రోడ్డెక్కితే స్పీడోమీటర్ ముల్లు సున్నా దగ్గరే పడుకుంటుంది. 1990ల చివరి వ్యాన్లలో వేగం లెక్కగట్టి మీటర్‌కి చెప్పేది కూడా ఈ పెట్టే. టైరు సైజుని బట్టి పినియన్ ఫ్యాక్టర్ అనే అంకె ఒకటి స్కానర్‌తో దానికి ఎక్కించాలి. అది ఎక్కించకపోతే ముల్లు లేవదు, క్రూజ్ కంట్రోల్ పనిచేయదు. జంక్ యార్డ్ నుంచి తెచ్చిన పెట్టెతో ఇంకో తంటా. అందులో పాత బండి అంకె ఉండిపోతుంది, టైర్ల సైజు వేరైతే ముల్లు లేస్తుంది గానీ తప్పు చెబుతుంది.

ఆ పైన క్విక్ లెర్న్. ఒక్కో క్లచ్చు పట్టుకోవాలంటే ఎంత ఆయిల్ నిండాలో పాత పెట్టె నడుస్తూ నడుస్తూ నేర్చుకుంది. ప్లేట్లు అరిగేకొద్దీ ఆ అంకె పెరుగుతుంది, దాన్నిబట్టి గేరు మారే తీరు సర్దుకుంటుంది. కొత్త పెట్టెకి తెలిసింది ఫ్యాక్టరీ లెక్క ఒక్కటే. పెళ్లి వంటకొచ్చిన కొత్తాయన మన పొయ్యి సెగ చూసుకోకుండా పప్పు ఎక్కించినట్టు, గేరు గేరుకీ బండి ఎగిరిపడుతుంది. అందుకని ఆయిల్ వేడెక్కాక, ఇంజన్ నడుస్తుండగా, బ్రేకు మీద కాలు గట్టిగా ఉంచి, స్కానర్ చెప్పినప్పుడల్లా గేరు లివరు న్యూట్రల్‌కీ ఓవర్‌డ్రైవ్‌కీ మార్చాలి. పెట్టె ఒక్కో క్లచ్చునీ నింపి చూసుకుని కొలత రాసుకుంటుంది. బండి అంగుళం కదలకుండానే పని పూర్తవుతుంది.

మీ ఎస్టిమేట్ మీద మాడ్యూల్ అని రాసి ఉంటే, సంతకం పెట్టేముందు రెండే ప్రశ్నలు అడగండి. గ్రౌండ్ దగ్గర ఎన్ని వోల్టులు చూశారు? బిగించాక ఈ బండికి కావలసిన సెట్టింగులు, లెర్నింగ్ మీ దగ్గరే చేస్తారా? మొదటిదానికి అంకె చెప్పలేని చోట బండి వదిలి రాకండి.