ఆఖరి అట్టు

టిఫిన్ సెంటర్లో పెనం దగ్గర నిలబడే మనిషిని ఎప్పుడైనా కాసేపు గమనించండి. ఆయన్ని అందరూ మాస్టరంటారు. జీతమిచ్చే ఓనరు కూడా మాస్టరనే పిలుస్తాడు. చట్నీ రుబ్బేది ఒకరు, ఉల్లిపాయలు తరిగేది ఇంకొకరు, ప్లేటు తెచ్చి మన ముందు పెట్టేది సప్లయరు, తిన్న ప్లేటు తీసేది క్లీనరు, డబ్బులు తీసుకునేది కౌంటర్లో కూర్చున్నాయన. మాస్టరు పెనం చూసుకుంటే చాలు. ఆయన ఊరెళ్తే ఆ పూట దోసె లేదని ముందే చెప్పేస్తారు. మనం కూడా ‘సరే, పూరీ ఇవ్వండి’ అని సర్దుకుపోతాం.

ఈ పనులన్నీ కలిపి ఇంట్లో ఒక్క మనిషి చేస్తుంది. ఆవిడ్ని మాస్టరని ఎవరూ పిలవరు. ఆవిడ పెళ్లికో పేరంటానికో రెండు రోజులు ఊరెళ్తానంటే, బస్సెక్కేదాకా ఇంటిల్లిపాదీ ఒకటే ప్రశ్న: ‘మరి మా టిఫినో?’

మా ఇంట్లో ఆదివారం పొద్దున అట్లు. పెనం ఒకటి, తినేవాళ్లం అయిదుగురం. నాన్నకి మెత్తగా, ఒకవైపే కాల్చి, పైన నెయ్యి వెయ్యాలి. అన్నయ్యకి పల్చగా, అంచులు ఎర్రగా, కరకరలాడాలి. చెల్లికి ఉల్లిపాయ అట్టే కావాలి, కానీ నోట్లో ఉల్లిపాయ తగలకూడదు. నానమ్మకి పళ్లు లేవు, కాబట్టి మందంగా పోసి మూతపెట్టి మగ్గించాలి. నాకు కారప్పొడి చల్లి మడవాలి. ఇవేవీ ఎవరూ అమ్మకి రాసివ్వలేదు. ఒకరిది ఇంకొకరికి ఎన్నడూ వెళ్లలేదు.

పెనం కాగిందో లేదో అమ్మ చెవితో తెలుసుకునేది. నాలుగు చుక్కలు నీళ్లు చిలకరించి ఆ చప్పుడు వినేది. కాగకపోతే అట్టు పెనానికి అంటుకుంటుంది. మరీ కాగితే పిండి పరుచుకోకుండా గరిటెతోపాటే లేచొస్తుంది. అప్పుడు సగం కోసిన ఉల్లిపాయని నూనెలో ముంచి పెనమంతా రుద్ది వేడి దించేది. ఏది ముందు, ఏది తర్వాత అన్నదానికీ ఒక లెక్కుంది. నానమ్మది నిదానంగా ఉడకాలి గనక పెనం ఇంకా పూర్తిగా కాగకముందే పోసేది. అది దింపి మంట పెంచి, పెనం బాగా కాలాక అన్నయ్యవి పోసేది. మంట తగ్గించి నాన్నవి. ఒక్క పెనం మీద ముగ్గురికి మూడు రకాల వేడి. హాల్లో కూర్చుని తినేవాళ్లకి ఇది కనపడదు. ‘వాడికి ముందిచ్చావు, నాకివ్వలేదు’ అన్న తగువు ఒక్కటే కనపడుతుంది. ఆ వరస వెనకున్న తెలివి నాకు అర్థమైంది నేనే పెనం ముందు నిలబడ్డాక.

హాల్లోంచి వచ్చే మాటలు కూడా చెప్పాలి. ‘చట్నీ అయిపోయింది’ అన్న మాట ఎవరూ ఎవరినీ ఉద్దేశించి అనరు. గాల్లోకి అంటారు. రెండు నిమిషాల్లో చట్నీ వచ్చేస్తుంది. ‘మంచినీళ్లు లేవు’ అంటే నీళ్లొస్తాయి. ‘అమ్మా, నా నీలం చొక్కా ఏదీ?’ అని అన్నయ్య అరిస్తే, పెనం మీంచి తల తిప్పకుండానే, ‘బీరువాలో రెండో అర, తువ్వాళ్ల కింద చూడు’ అనేది. వాడు బీరువా ముందే నిలబడి అడిగేవాడు.

అందరూ తిని చేతులు కడుక్కున్నాక, తువ్వాలుకి తుడుచుకుంటూ ఎవరో ఒకరికి గుర్తొస్తుంది: ‘నువ్వు కూడా తినేయకూడదూ!’ వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఆ వడ్డించే మనిషే కడబంతిలో కూర్చుంటే ఆవిడకి వడ్డించేదెవరు? గిన్నె అంచులకి అంటిన పిండిని చేత్తో తుడిచి, నాలుగు చుక్కలు నీళ్లు కలిపి, కట్టేయబోయే పొయ్యి మీద అమ్మ ఆఖరి అట్టు పోసుకునేది. చట్నీ ఉండదు. ఆవకాయ ముక్క ఒకటి. గట్టుకి ఆనుకుని నిలబడే తినేసేది. ‘కూర్చుని తినమ్మా’ అంటే, ‘ఇప్పుడేం కూర్చుంటానే, వంటకి వేళవుతోంది’ అనేది.

ఆదివారం అట్టు ఆదివారం మొదలు కాదన్న సంగతి హాల్లో చాలామందికి తెలియదు. శనివారం మినప్పప్పు, బియ్యం వేరువేరుగా నానబొయ్యాలి. బియ్యంలో చెంచాడు మెంతులు పడాలి. పప్పు రుబ్బేటప్పుడు నీళ్లు కొద్దికొద్దిగా చిలకరిస్తూ, పిండి పొంగి తేలికయ్యేదాకా ఆగాలి. చిటికెడు పిండి నీళ్లలో వేస్తే తేలాలి. అది తేలిందంటే రేపు అట్టు బాగుంటుందని అమ్మ నమ్మకం. ఆ నమ్మకానికి శాస్త్రమూ తోడుంది. పిండి పులిసేటప్పుడు లూకోనోస్టాక్ లాంటి బ్యాక్టీరియా వాయువుని పుట్టిస్తుంది. మినప్పప్పులోని జిగురు, ప్రోటీన్లు ఆ వాయువుని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచుతాయి. అట్టుకి ఆ చిల్లులు, ఆ మెత్తదనం అందువల్లే.

ఇదంతా జరగడానికి ఉండాల్సిన వేడి మాత్రం ఎవరి చేతిలోనూ లేదు. బెజవాడ మే నెలలో రాత్రి రుబ్బి బయట వదిలేస్తే తెల్లారేసరికి పిండి మూత తోసుకుని గట్టంతా పారుతుంది, పుల్లబడిపోతుంది. అదే పిండి సంక్రాంతి చలిలో ఉలుకూ పలుకూ లేకుండా అలాగే పడుంటుంది. అందుకే వేసవిలో అమ్మ పొద్దుపోయాక రుబ్బి, నడిరాత్రి లేచి ఫ్రిజ్‌లో పెట్టేది. చలికాలం ఎండ ఉండగానే రుబ్బి, గిన్నెకి పాత దుప్పటి చుట్టి పొయ్యి పక్కన పెట్టేది. రేపటి ఎండ ఎలా ఉంటుందో ఇవాళే అంచనా కట్టి రేపటి టిఫిను ఖాయం చేసిన మనిషికి ఏడాదంతా కలిపి దక్కే మాట ఒక్కటే. ఎప్పుడో ఒక్క రోజు లెక్క తప్పితే, ‘పిండి పులిసింది.’

నానమ్మ కాలంలో అట్టు ఇంత తరచుగా లేదు. పిల్లలు పొద్దున్నే చద్దన్నంలో మజ్జిగ పోసుకుని, ఉల్లిపాయ నంజుకుని బడికి పోయేవాళ్లు. అట్టంటే పండగకో, అల్లుడొచ్చినప్పుడో. రుబ్బురోలు దగ్గర ఒకరు పొత్రం తిప్పుతుంటే ఇంకొకరు పిండి తోసేవాళ్లు. అత్తాకోడళ్లో, తోడికోడళ్లో, ఎవరూ లేకపోతే బడి ఎగ్గొట్టిన పిల్లాడో, ఇంకో జత చేతులుండేవి. తర్వాత మిక్సీ వచ్చింది, కోయంబత్తూరు గ్రైండరు వచ్చింది. ఇక ఆడవాళ్లకి పనేముందని ఊరంతా అనుకుంది. జరిగింది వేరు. పండగ అట్టు ఆదివారానికొచ్చింది, ఆదివారంది బుధవారానికీ శుక్రవారానికీ పాకింది. ఒక చట్నీ సరిపోయే చోట కొబ్బరిదొకటి, పల్లీలదొకటి, పక్కన అల్లప్పచ్చడి. స్విచ్ నొక్కితే తిరిగే రాయికి రెండో మనిషితో పనిలేదు కనక, ఆ రెండో మనిషి నిశ్చింతగా హాల్లోకి వెళ్లిపోయింది. యంత్రం అమ్మ చేతుల నొప్పి తగ్గించిన మాట నిజమే. పనిలో తోడుని కూడా తీసేసింది. అమెరికన్ చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో ‘మోర్ వర్క్ ఫర్ మదర్’ అనే పుస్తకంలో తమ దేశపు పొయ్యిలు, వాషింగ్ మెషీన్ల గురించి ఇదే తేల్చి చెప్పింది. కొత్త సామాను వచ్చినకొద్దీ ఇంట్లో మిగతావాళ్ల పని పోయింది, తల్లి పని మిగిలిందని.

మన దగ్గర లెక్కలున్నాయి. దేశమంతటా ఎవరి సమయం దేనికి పోతోందో కనుక్కునే ప్రభుత్వ సర్వే 2019లో జరిగింది. జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు అందులో గడుపుతున్నారని తేలింది. ఆ పనిలో అసలు చెయ్యి పెట్టే మగవాళ్లే నూటికి 26 మంది. మళ్లీ 2024లో అడిగితే ఆడవాళ్లది 289 నిమిషాలకి దిగింది. ఆ పది నిమిషాలు మగవాళ్లు పంచుకుని ఉంటారని సంతోషించబోయాను. వాళ్లది 88కి దిగింది.

2021 జనవరిలో ఈ 299 నిమిషాల మాట సుప్రీంకోర్టు తీర్పులోకి ఎక్కింది. ఢిల్లీలో రోడ్డు ప్రమాదంలో చనిపోయిన భార్యాభర్తల పిల్లలకి పరిహారం తేల్చే కేసది. ప్రధాన తీర్పుతో ఏకీభవిస్తూ విడిగా ఆ మాట రాసింది మన ఉమ్మడి కృష్ణా జిల్లా వాడైన జస్టిస్ ఎన్.వి. రమణ. ఇంటి ఇల్లాలికి ఆదాయం లేదనడం కుదరదు, ఆవిడ పనికి విలువ కట్టి తీరాలని ఆయన గట్టిగా రాశారు. అంతకుముందు 2010లో ఇదే కోర్టులో ఇంకో న్యాయమూర్తి, 2001 జనగణనలో గృహిణులను బిచ్చగాళ్లతో, ఖైదీలతో కలిపి ‘పని చేయనివాళ్ల’ జాబితాలో వేయడాన్ని తప్పుపట్టారు. ఈ తీర్పులు చదివినప్పుడు నాకు కోర్టుల మీద గౌరవం కలిగింది, గుండె బరువూ ఎక్కింది. విలువ కట్టమని న్యాయమూర్తి అడిగే రోజుకి ఆ మనిషి ఇంట్లో ఉండదు.

బతికుండగా లెక్క తెలిసిన దేశం ఒకటుంది. 1975 అక్టోబరు 24న ఐస్‌లాండ్‌లో నూటికి 90 మంది ఆడవాళ్లు ఆఫీసు పనీ ఇంటి పనీ రెండూ ఆపేసి వీధుల్లోకొచ్చారు. తండ్రులు పిల్లల్ని వెంటబెట్టుకుని ఆఫీసులకి పోయారు. సాయంత్రానికి దుకాణాల్లో సాసేజీలు అయిపోయాయి, చేయడం తేలికైన వంట అది కనక. మనకీ ఇంచుమించు అదే రోజుల్లో అట్లతద్ది వస్తుంది, ఆడవాళ్ల పండగ. తెల్లవారకముందే లేచి తినేది తిని, ఆటలాడి, ఉయ్యాలలూగి, ఆ పైన పగలంతా ఉపవాసం. చంద్రుడు రాకముందే ఆ ఖాళీ కడుపుతో పెనం ముందు నిలబడి వాయనానికి అట్లు పోసేది కూడా ఆడవాళ్లే. ఉయ్యాల పండగలోంచి కూడా పొయ్యి పోలేదు.

ఈ మాటలంటే వచ్చే జవాబు నాకు తెలుసు: ‘అమ్మ ప్రేమతో చేస్తుంది. దానికి లెక్కలేమిటి?’ ప్రేమ ఉంది, కాదన్నదెవరు? కానీ ప్రేమకి పెనం వేడి తెలియదు. మినప్పప్పు ఎప్పుడు నానబోయాలో ప్రేమ చెప్పదు. అది ఏళ్ల తరబడి చేసి, చెడగొట్టి, మళ్లీ చేసి నేర్చుకున్న విద్య. వీణ వాయించే మనిషిని ‘ఎంత ప్రేమ!’ అని వదిలేయం కదా, ఏ గమకం ఎలా పలికిందో వింటాం. అమ్మ చేసిందంతా ప్రేమ ఖాతాలో వేసేస్తే మనకో సౌకర్యం ఉంది. విద్యయితే మనమూ నేర్చుకోవాలి, మెచ్చుకోవాలి. ప్రేమయితే తినేసి చెయ్యి కడుక్కోవచ్చు.

మా ఇంట్లో మార్పు తెచ్చింది కంటి ఆపరేషను. అమ్మకి శుక్లాలు తీసి, కొన్నాళ్లు పొయ్యి దగ్గరికి పోవద్దన్నారు డాక్టరు. వదినకి ఆదివారాలు కూడా డ్యూటీ. పెనం అన్నయ్య చేతికొచ్చింది. మొదటి అట్టు పెనానికే ఉండిపోయింది. రెండోది మూడు ముక్కలుగా వచ్చింది. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని అమ్మ వంటింటి గుమ్మంలో కుర్చీ వేయించుకుని కూర్చుంది. ‘నీళ్లు చిలకరించు. ఆ చప్పుడు విను. ఇంకా కాలేదు, ఆగు. గరిటె అంత అదిమి పట్టకురా, పిండి దానంతటదే జరుగుతుంది.’ కళ్లకి మసకగా ఉన్నా చెవితోనే వాడికి నేర్పించింది. నాలుగు అట్లు పోసేసరికి అన్నయ్య చొక్కా తడిసిపోయింది. ‘ఇన్నేళ్లూ ఇది ఎలా చేశావే అమ్మా!’ అన్నాడు. ఆవిడ సమాధానం చెప్పలేదు, ‘మంట తగ్గించు’ అంది.

కళ్లు బాగయ్యాయి. అమ్మ మళ్లీ పెనం వైపు నడవబోతే వదిన అడ్డుపడింది. ‘అత్తయ్యా, మీరు కూర్చోండి. ఆయనకి ఇప్పుడిప్పుడే చెయ్యి తిరుగుతోంది, పాడుచేయకండి.’ అలా ఆదివారాల పెనం అన్నయ్యదే అయింది. అమ్మ మొదటి బంతిలో కూర్చోవడం మొదలుపెట్టింది.

ఆ మొదటి ఆదివారం అన్నయ్య వంటింట్లోంచి అడిగాడు: ‘అమ్మా, నీకెలాంటిది పొయ్యమంటావు?’

మేం ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకున్నాం. నాన్నది చెప్పగలం, నానమ్మది ఆవిడ పోయి ఇన్నేళ్లయినా చెప్పగలం. అమ్మకి ఎలాంటి అట్టు ఇష్టమో మాలో ఒక్కరికీ తెలియదు. పి. సత్యవతి గారి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లాలు ఇల్లలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోతుంది. అమ్మ కూడా కాసేపు ఆలోచించింది. తర్వాత చెప్పింది, ఒక్కో మాటా విడివిడిగా: ‘పల్చగా పొయ్యి. నెయ్యొద్దు, నువ్వుల నూనె. పచ్చిమిరపకాయ, అల్లం సన్నగా తరిగి, జీలకర్ర చల్లు. బాగా ఎర్రగా కాలాలి.’

అన్నయ్య పోసి తెచ్చాడు. అమ్మ అంచు తుంచి నోట్లో వేసుకుని, ప్లేటు పక్కకి జరిపింది.

‘ఇది మెత్తగా వచ్చింది, మీ నాన్నకిచ్చెయ్. నాకు ఇంకోటి పొయ్యి.’